ల్యాంపు రూం ఓదెలు రాసిన నాలుగు అధ్యాయాలు

కరోనాకు ముందటి ఏడాది జూన్ నెలలో నన్ను కార్పొరేట్ ఆఫీసు నుంచి గోదావరిఖనికి, ఏరియా ఆఫీసులోని కంప్యూటర్ సెక్షన్‌కు బదిలీ చేశారు. హోదాలో మార్పు లేదు. అక్కడా డిప్యూటీ మేనేజర్నే, ఇక్కడా డిప్యూటీ మేనేజర్నే. ఆర్డరులో నా పనిని ఒక్క వాక్యంలో తేల్చేశారు: ఏరియాలోని ఉద్యోగులకు కంప్యూటర్ శిక్షణ ఇవ్వడం, అందుకు కావలసిన పాఠాలు తయారు చేయడం. రిటైర్మెంటుకు మూడేళ్లున్న మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో తోచనప్పుడు ఇలాంటి ఆర్డర్లే పుడతాయి. నాకు ఒళ్లు మండింది. అయినా సామాను సర్దుకుని బయల్దేరాను.

బొగ్గు కంపెనీలో అన్నేళ్లు పనిచేశాను గానీ బొగ్గు తవ్వే చోటును నేను ఒక్కసారీ చూడలేదు. మా కాలంలో ఆడవాళ్లు భూగర్భ గనిలో దిగి పనిచేయడానికి చట్టం ఒప్పుకునేది కాదు. దిగినవాళ్ల హాజరు, సెలవులు, జీతం స్లిప్పులు కంప్యూటర్‌లో ఎక్కించే ప్రోగ్రాములు రాయడమే నా వృత్తి. వేలమంది పేర్లు నాకు తెలుసు, ముఖాలు తెలియవు. వాళ్లకు నా పేరూ తెలియదు, ముఖమూ తెలియదు.

మాది గుంటూరు. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు అడిగి అడిగి అలిసిపోయి మానేశారు. అమ్మ పోయాక గుంటూరులో అన్నయ్యల ఇళ్లు మిగిలాయి గానీ నా ఇల్లంటూ మిగల్లేదు. గోదావరిఖనిలో ఆఫీసర్ల కాలనీలో క్వార్టరు ఇచ్చారు. మూడు గదులు, ఒక వరండా. మధ్యాహ్నం దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ అద్దాలు అదిరేవి. ఆదివారాల్లో ఆ చప్పుడు తప్ప ఇంట్లో వేరే అలికిడి ఉండేది కాదు. సెక్షన్లో లేడీ ఆఫీసర్ని నేనొక్కదాన్నే కావడంతో మగవాళ్లంతా ఒక బల్ల దగ్గర చేరి భోంచేస్తే నేను నా గదిలో టిఫిన్ డబ్బా విప్పుకునేదాన్ని. వాళ్లు పిలవలేదని కాదు. మొదటి వారం పిలిచారు, నేను వద్దన్నాను, రెండో వారం నుంచి పిలవడం మానేశారు. తప్పు నాదే, ఏం చెప్పమంటారు!

శిక్షణకు మొదటి విడతలో పాతికమంది వచ్చారు. చాలామంది భూగర్భంలో దెబ్బలు తగిలి, మెడికల్ బోర్డు సిఫార్సుతో సర్ఫేస్ డ్యూటీకి, అంటే నేలమీది పనులకు మారినవాళ్లు. చేతికిచ్చినవి ఇంగ్లిషు పుస్తకాలు. నేను చెబుతుంటే తలలూపేవారు. పరీక్ష పెడితే తెల్లకాగితాలు ఇచ్చేవారు. రెండు విడతలయ్యాక ఇక నాకే సిగ్గేసింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను మొదటి నుంచీ తెలుగులో నేర్పే పుస్తకం రాయాలని అనుకున్నాను. అనుమతి అడిగితే, ఆఫీసు సమయం వాడకూడదు, కంపెనీ పేరు వాడకూడదు అన్న షరతులతో ఇచ్చారు. అంటే పుస్తకం పూర్తిగా నా సొంత పూచీ.

దాన్ని ఓపెన్ సోర్స్ పుస్తకంగా మొదలుపెట్టాను. ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, నకలు తీసుకోవచ్చు, దిద్దవచ్చు, దిద్దిన ప్రతిని తమదిగా నడుపుకోవచ్చు. ఒక్కటే నియమం, రాసినవాళ్ల పేర్లు తీసేయకూడదు. అధ్యాయాలన్నీ మామూలు టెక్స్టు ఫైళ్లే. వాటిని ఒక ఉచిత వెబ్‌సైటులో అందరికీ కనబడేలా ఉంచుతాం. గిట్ అనే సాఫ్ట్‌వేర్ ఏ వాక్యం ఎవరు, ఎప్పుడు మార్చారో చరిత్ర రాసుకుంటూ పోతుంది. బిల్డ్ అనే ఆజ్ఞ ఇస్తే ఆ ఫైళ్లన్నీ కలిసి వెబ్ పేజీలుగానూ, అచ్చుకు పనికొచ్చే పీడీఎఫ్‌గానూ తయారవుతాయి. చెప్పడానికి సులువుగా ఉందిగానీ మొదటి పీడీఎఫ్ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒత్తులన్నీ అక్షరాల కింది నుంచి జారి పక్కకొచ్చి కూర్చున్నాయి. ఫాంటు మార్చి, బిల్డ్ సామగ్రి మార్చి, ఒత్తులను వాటి చోట కూర్చోబెట్టడానికి నాకు నెలన్నర పట్టింది.

మొదటి ఆరు అధ్యాయాలు నేను రాశాను. తరవాత ఇద్దరు తోడొచ్చారు. ఒకరు ఇస్మాయిల్, గనిలో ఎలక్ట్రీషియన్. పుస్తకంలోని ప్రతి ప్రోగ్రామునూ తన ఫోన్‌లో నడిపి చూసి, తప్పు దొరికితే ఉర్దూ కలిసిన తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. "మేడం, మూడో పాఠంల రెండో ప్రోగ్రాం నడుస్తలేదు. జర జల్ది చూడుండ్రి, మా పిల్లలు నన్ను పరేషాన్ చేస్తున్నరు" అనేవాడు. లెక్కలు, అభ్యాసాలు కూడా తనే తయారు చేసి పంపేవాడు.

రెండోవాడు ఓదెలు. ఒకప్పుడు కోల్ ఫిల్లర్, అంటే తవ్విన బొగ్గును చెమ్మసు అనే పారతో పట్టాల మీది టబ్బుల్లోకి ఎత్తే కార్మికుడు. పైకప్పు కూలి నడుముకు దెబ్బ తగిలాక ల్యాంపు రూంలో వేశారు. గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునే గది అది. దీపానికొక నంబరు, మనిషికొక నంబరు. షిఫ్టు అయ్యాక ఏ దీపం తిరిగిరాలేదో ఆ మనిషి ఇంకా లోపలున్నట్టు. నా క్లాసులో వెనక బెంచీ దగ్గర నిలబడీ కూర్చునీ అవస్థ పడుతూ వినేవాడు. ఎక్కువసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుంది, ఎక్కువసేపు నిలబడితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ల్యాంపు రూంలోనేమో షిఫ్టు మొత్తం నిలబడే పని.

ఒకరోజు క్లాసయ్యాక నా గది గుమ్మం దగ్గర ఆగాడు. "మేడం, ఏమనుకోకుంటె ఒక మాట. మీ పుస్తకంల ఆపిల్ పండ్లు, బుట్టలు అని రాసిండ్రు. మావోళ్లకు ఆపిల్ పండ్ల లెక్కెందుకు? ల్యాంపుల లెక్క చెప్పుండ్రి, రాత్రి నిద్రల లేపి అడిగినా చెప్తరు" అన్నాడు. నాకు కాస్త కోపమొచ్చింది. అయితే నువ్వే రాసుకురా అన్నాను. నాలుగు రోజులకు నోటుపుస్తకంలోని పేజీలు ఫోటోలు తీసి పంపాడు.

ఒకే పనిని పదేపదే చేయించే లూప్ గురించి ఆ పాఠం. అందులో ఇలా ఉంది: "షిఫ్టు దిగినంక ఒక్కొక్క ల్యాంపు చూసుకుంట పోవాలె. రాని ల్యాంపు దొరికితె ఆన్నే ఆగాలె. ఆ మనిషి ఏడున్నడో తెలిసేదాక ముందుకు పోవద్దు." అంతే, నేను ముప్పై పుస్తకాలు చదివి రెండు పేజీల్లో చెప్పలేనిది మూడు వాక్యాల్లో తేల్చాడు. నా ఆపిల్ పండ్ల పాఠాన్ని తీసి పారేశాను. అతను లిస్టుల మీద, డిక్షనరీల మీద, ఫైళ్ల మీద మరో మూడు అధ్యాయాలు రాశాడు. డిక్షనరీ అంటే ఒక గుర్తు ఇస్తే దానికి ముడిపడిన సమాచారం తీసిచ్చే ఏర్పాటు. ల్యాంపు నంబరు ఇస్తే మనిషి పేరు వస్తుంది. అంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడా చదవలేదు.

కరోనా వచ్చింది. ఆఫీసుల్లో సగంమందిని రమ్మన్నారు గానీ గనులు ఆగలేదు, కరెంటు కావాలి కదా. శిక్షణ తరగతులు మూసేశారు. ఆ నెలల్లో నేను పాలవాడితోనూ ఫోనుతోనూ తప్ప ఎవరితోనూ మాట్లాడిన గుర్తు లేదు. పొద్దున్నే ఓదెలు ఫోటోలు వచ్చేవి, మధ్యాహ్నం ఇస్మాయిల్ గొంతు వచ్చేది. ఇద్దరిలో ఎవరి నుంచీ ఏమీ రాని రోజు నేను ఫోను ఛార్జింగు ఉందో లేదో మూడుసార్లు చూసుకునేదాన్ని. పుస్తకం కోసం కాదు, మనిషి అలికిడి కోసం. ఈ మాట అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు.

ఇక్కడ మా ఆఫీసుల పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ నోటైనా మొదట రాసేది గుమాస్తా. దాన్ని పుటప్ చేయడం అంటారు. ఆఫీసరు నాలుగు మాటలు దిద్ది సంతకం పెడతాడు. పైకి వెళ్లే ప్రతిలో ఆఫీసరు పేరొక్కటే ఉంటుంది. రాసినవాడి పొట్టి సంతకం ఆఫీసులో ఉండిపోయే కాపీ మీద, కింద ఎడమ మూలన, గోరంత ఉంటుంది. ఎవరూ దాన్ని దొంగతనం అనుకోరు. నేనూ మొదట్లో పదేళ్లు మూలసంతకాలు పెట్టి, తరవాత పెద్ద సంతకాలకు వచ్చినదాన్నే.

ఓదెలుకు, ఇస్మాయిల్‌కు కంప్యూటర్లు లేవు. వెబ్‌సైటులో ఖాతా తెరుస్తామని వాళ్లు అడిగితే, "అదంతా మీకెందుకు, నాకు పంపండి, నేను చేర్చేస్తాను" అన్నాను. వాళ్లు పంపినదాన్ని టైపు చేసి, వాక్యాలు దిద్ది, నా కంప్యూటర్ నుంచి చేర్చేదాన్ని. గిట్‌లో రాసినవాళ్ల పేరు వేరు, చేర్చినవాళ్ల పేరు వేరు నమోదు చేసే వీలుంది. ఆజ్ఞలో ఒక్క ముక్క అదనంగా టైపు చేస్తే చాలు. ఆ సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. క్లాసులో నేనే చెప్పేదాన్ని. కానీ చెయ్యి ఆఫీసు అలవాటుకు పోయింది. చరిత్ర మొత్తంలో మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒక్క నా పేరే పడింది. ముందుమాట చివర మాత్రం "సహకరించిన కార్మిక సోదరులకు కృతజ్ఞతలు" అని రాసి, చాలా ఉదారంగా రాశాననుకున్నాను.

పుస్తకం బయట బాగా పేరు తెచ్చుకుంది. దగ్గర్లోని జైపూర్ నుంచి, మందమర్రి నుంచి పంతుళ్లు రాసేవారు. మా ఏరియాలో ఒక సభలో జీఎం గారు స్వయంగా శాలువా కప్పి, మేడం ఒంటిచేత్తో చేసిన కృషి అని మైకులో అన్నారు. నేను ఆ మాటను సవరించలేదు. సభలో వెనక వరసలో ఓదెలు ఉన్నాడు, చప్పట్లు కొట్టాడు. ఆ రాత్రి శాలువాను బీరువాలో పెట్టి, ఇంట్లో చూపించడానికి ఎవరూ లేరు కదా అనుకున్నాను.

రెండో విడత కరోనా తగ్గాక కంప్యూటర్ ఆపరేటర్ పోస్టులకు లోపలి అభ్యర్థుల నోటిఫికేషన్ వచ్చింది. పనిలో ఉన్న కార్మికులే దరఖాస్తు చేయాలి. రాతపరీక్ష, తరవాత ఇంటర్వ్యూ. వయోపరిమితి లెక్కన ఓదెలుకు అదే ఆఖరి అవకాశం. ఆ పోస్టు వస్తే కావలసినప్పుడు లేచి, కావలసినప్పుడు కూర్చునే పని. రాకపోతే రిటైరయ్యేదాకా ల్యాంపు రూం కిటికీ దగ్గర నిలబడాల్సిందే. అప్పటికే అతని కుడికాలు సరిగ్గా ఆనడం లేదు. దవాఖానకు తిరుగుతున్నాడని ఇస్మాయిల్ చెప్పాడు.

రాతపరీక్షలో ఓదెలు గట్టెక్కాడు. ఇంటర్వ్యూ బోర్డులో ముగ్గురం: చైర్మన్‌గా పర్సనల్ మేనేజర్, ఒక మైనింగ్ ఇంజనీరు, సాంకేతిక సభ్యురాలిగా నేను. అభ్యర్థుల్లో నాకు తెలిసినవాళ్లున్నారని ముందే రాతపూర్వకంగా చెప్పవలసింది. అదీ చెప్పలేదు.

ఓదెలు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కూర్చోమంటే నిలబడే చెబుతానన్నాడు. ప్రోగ్రామింగ్‌లో సొంతంగా చేసిన పని ఏమైనా ఉందా అని అడిగారు. దానికి విడిగా మార్కులున్నాయి. "ఉన్నది సార్. తెలుగుల పైథాన్ పుస్తకం ఉన్నది గద, అండ్ల నాలుగు పాఠాలు నేనే రాసిన" అన్నాడు. పర్సనల్ మేనేజర్ వెంటనే బల్లమీది కంప్యూటర్‌లో పుస్తకం పేజీ తెరిచారు. చరిత్ర ఎక్కడ చూడాలో నేనే చూపించాను. ఆయన కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోయారు.

"ఇక్కడ అన్నీ మేడం పేరే ఉంది కదయ్యా. నీ పేరేది?"

"మేడమే కలిపిండ్రు సార్. రాసింది నేను. మేడం ఈడనే ఉన్నరు గద, అడుగుండ్రి" అని ఓదెలు నా వైపు చూసి నవ్వాడు. అనుమానమన్నదే లేని నవ్వు.

పర్సనల్ మేనేజర్ నా వైపు తిరిగారు. రెండు నెలల కిందట శాలువా కప్పినప్పుడు ఆయన వేదిక మీదే ఉన్నారు. అవును, ఇతనే రాశాడు అంటే, మరి నీ పేరెందుకుందనే ప్రశ్న వస్తుంది. ఒంటిచేత్తో అన్నప్పుడు ఎందుకు ఊరుకున్నావనే ప్రశ్న వస్తుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి. నాకు భయమేసింది, పరువు పోతుందనిపించింది. "అవును, సాయం చేశాడు. ఉదాహరణలు ఇచ్చాడు" అన్నాను.

ఓదెలు నవ్వు అలాగే ఉండి, మెల్లగా పోయింది. పర్సనల్ మేనేజర్ సొంత పని గడిలో ఒక చిన్న అంకె వేశారు. ఆ కాగితం మీద కింద నేనూ సంతకం పెట్టాను. వారానికి లిస్టు వచ్చింది. ఓదెలు పేరు లేదు.

అతను గొడవ చేయలేదు. యూనియన్‌కు చెప్పలేదు. పొద్దున ఫోటోలు రావడం మాత్రం ఆగిపోయింది. పది రోజులు చూసి ఇస్మాయిల్‌కు ఫోన్ చేశాను. ఓదెలు నా మీద కోపంగా ఉన్నాడా అని అడిగాను. "కోపం లేదు మేడం. మీతోని మాట్లాడుడు బంద్ జేసిండు, గంతే. నా పేరు మీరు పెట్టకున్నా నాకు ఫికర్ లేదు. గాని ఓదెలన్న లేనికాడ నేనెట్ల చేస్త?" అన్నాడు. ఆ తరవాత అతని వాయిస్ మెసేజ్‌లూ ఆగిపోయాయి.

ఇక తప్పదని ఒకరోజు మొదటి షిఫ్టు దిగాక గనికి వెళ్లాను. ల్యాంపు రూంకు ఒక ఆఫీసరు, అందులోనూ ఆడమనిషి, రావడం అక్కడివాళ్లకు వింత. పైకొచ్చినవాళ్లు నల్లటి ముఖాలతో వరసగా నిలబడి దీపాలు అప్పగిస్తున్నారు. వరస అయిపోయేదాకా ఓదెలు నన్ను చూడనట్టే పనిచేసుకున్నాడు. ఒక్కో దీపాన్ని తీసుకుని, నంబరు చూసి, ఛార్జింగు అరలో పెట్టి, రిజిస్టరులో గుర్తు వేశాడు. అంతా అయ్యాక కిటికీ దగ్గరకొచ్చాడు.

"మీరు ఇక్కడిదాక ఎందుకొచ్చిండ్రు మేడం? ఫోన్ జేస్తే నేనే వస్తుంటి గద."

"ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేదు ఓదెలూ."

"మీరు అబద్ధం చెప్పలే మేడం. సాయం అన్నరు. గదే బాధైంది. అబద్ధమైతే కొట్లాడుతుంటి. సాయం అంటె ఏమని కొట్లాడాలె?"

అతను రిజిస్టరు మూసి, కాలు మార్చి నిలబడి, మళ్లీ తనే అన్నాడు. "బొగ్గుబాయిల నేను ఫిల్లర్‌గ ఉన్నప్పుడు, నింపిన టబ్బుకు నా టోకెన్ వేస్తుంటి. ఒకటే తీరు బొగ్గు, ఒకటే తీరు టబ్బు. పైకి పోయినంక ఎవలు నింపిండ్రో ఎట్ల తెలుస్తది? టోకెన్ చూస్తే తెలుస్తది. టోకెన్ మరిచిపోయిననుకో, ఆ టబ్బు నాది కాదు, గంతే. మీ కంప్యూటర్ల గసోంటిది ఒక్కటి లేదా మేడం?"

"ఉంది. నేనే వెయ్యలేదు" అన్నాను.

"గట్లనా" అన్నాడు. ఆ 'గట్లనా'కు నాకు తల కొట్టేసినట్టయింది. లేదనే అతను ఇన్నాళ్లూ అనుకున్నాడన్న మాట. కంప్యూటర్‌లో అలాంటి వీలు లేదేమోననుకుని నన్ను సగం క్షమించి ఉంటాడు. ఆ సగాన్నీ నేనే నా నోటితో పోగొట్టుకున్నాను. రెండో షిఫ్టువాళ్లకు దీపాలు సర్దాలని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పర్సనల్ మేనేజర్‌కు నోటు రాశాను. ఈసారి ఎవరిచేతా పుటప్ చేయించలేదు. ఫలానా అభ్యర్థి ఆ నాలుగు అధ్యాయాలకు రచయిత అనీ, బోర్డులో నేనిచ్చిన వాంగ్మూలం సరికాదనీ, పుస్తకంతో నాకున్న సంబంధం ముందే తెలియజేయకపోవడం నా పొరపాటనీ మూడు వాక్యాలు. ఆయన నన్ను పిలిచి, "ఇప్పుడెందుకు మేడం ఇది? లిస్టు అప్రూవ్ అయిపోయింది, వాళ్లు డ్యూటీలో చేరిపోయారు. ఇంకెవరి కడుపు కొడతాం?" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. నోటు వెనక్కి తీసుకోనన్నాను. అందినట్టు సంతకం తీసుకున్నాను. జీఎం గారు గదిలోకి పిలిచి మందలించారు. నోటు ఫైలులో చేరింది. లిస్టు మారలేదు.

పుస్తకం సంగతి మిగిలింది. గిట్‌లో పాత చరిత్రను తిరగరాసే వీలు కూడా ఉంది. కావాలంటే ఆ నాలుగు అధ్యాయాలూ మొదటి రోజు నుంచీ ఓదెలు పేరుమీదే ఉన్నట్టు చేయవచ్చు. ఒక సాయంత్రం ఆజ్ఞ మొత్తం టైపు చేశాను కూడా. కానీ గనుల్లో రిజిస్టరు దిద్దే నియమం వేరు. చట్టం కోరే రిజిస్టర్లలో తప్పు పడితే రుద్దకూడదు, కాగితం చింపకూడదు. ఒక గీత గీసి, సరైనది పక్కన రాసి, సంతకం పెట్టాలి. తప్పు తప్పుగా కనబడుతూనే ఉండాలి. తిరగరాస్తే నా తప్పు కూడా మాయమైపోతుంది. అందుకని టైపు చేసింది చెరిపేసి, ఒక్కో అధ్యాయం తలమీద "రచన: ఓదెలు" అనీ, అభ్యాసాల తలమీద "రచన: ఇస్మాయిల్" అనీ చేర్చి, ఇవి ఇంతకాలం నా పేరుతో ఉండడం నా తప్పు అని దిద్దుబాటు వివరంలో రాశాను. ఆ వివరం ఇప్పటికీ ఎవరైనా చూడవచ్చు. లింకును ఇద్దరికీ పంపాను. ఇస్మాయిల్ నుంచి పైకెత్తిన బొటనవేలి బొమ్మ వచ్చింది. ఓదెలు చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

రిటైరయ్యేదాకా ఉన్న నెలల్లో పుస్తకం పని నేనొక్కదాన్నే చేశాను. కొత్త అధ్యాయం రాశాను, నాకే చప్పగా ఉంది. ఒక ప్రోగ్రాములో తప్పు నాలుగు నెలలపాటు అలాగే ఉండిపోయింది, నడిపి చూసేవాళ్లు లేక. పొద్దున లేవగానే ఫోను చూసుకునే అలవాటు మాత్రం పోలేదు. మాట్లాడేవాళ్లు లేకపోవడం నాకు కొత్త కాదు. ఉన్నవాళ్లను పోగొట్టుకోవడం కొత్త. రెండూ ఒకటేననుకునేదాన్ని. కావు.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, ఇక్కడే జ్యోతినగర్ దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. గుంటూరు వెళ్లలేదు. వెళ్లి ఎవరింట్లో ఉండాలి! ఒకరోజు వెబ్‌సైటు చూస్తుంటే, నా పుస్తకానికి ఎవరో నకలు తీసి వేరే పుస్తకంగా నడుపుతున్నట్టు కనబడింది. తెరిచి చూస్తే అది ఓదెలు ఖాతా. తీసి అప్పటికే ఎనిమిది నెలలయింది. అందులో పదహారు అధ్యాయాలున్నాయి. కన్వేయర్ బెల్టు మీద పనిచేసే ఒకామె రాసినది ఉంది, హాజరు గుమాస్తా ఒకాయన రాసినది ఉంది, ఇస్మాయిల్ కొత్త అభ్యాసాలున్నాయి. చరిత్రలో ప్రతి మార్పు పక్కనా రాసినవాళ్ల పేరు వాళ్లదే. ఒక్క చుక్క దిద్దినవాళ్ల పేరు కూడా ఉంది. నేను రాసిన అధ్యాయాల తలమీద "రచన: వసుంధర మేడం" అని నా పేరుంది. పేరు తీసేయకూడదన్నది నియమమే గానీ, తలమీద పెట్టాలన్న నియమం లేదు.

మొత్తం చదివాను. పద్నాలుగో అధ్యాయంలో ఒక లూప్ చివరి అంకెను లెక్కలోకి తీసుకోకుండా ఆగిపోతోంది. సరిచేసి, అందరిలాగే మార్పు ప్రతిపాదనగా పంపాను. ఓదెలు గారూ, వీలున్నప్పుడు చూడండి అని రాశాను. అప్పటిదాకా అతన్ని గారూ అని ఎప్పుడూ పిలవలేదు. నాలుగు రోజులు జవాబు లేదు. అయిదో రోజు వచ్చింది: "మీరు చెప్పింది కరెక్టే మేడం. నడిపి చూసినం. కలిపిన." అంతకు మించి ఏమీ లేదు. నేను ఇంకేమైనా ఉంటుందనుకున్నాను. ఎందుకుండాలి?

ఆ వారమే నా పుస్తకం పేజీ తలమీద, ఇకమీదట ఈ పుస్తకం ఓదెలు గారి దగ్గర పెరుగుతుంది, ప్రశ్నలు అక్కడే అడగండి అని లింకు పెట్టి, నా ప్రతిని మూసేశాను. మూసేస్తే అది చదవడానికి ఉంటుంది, మార్చడానికి ఉండదు. చదివేవాళ్లంతా అటు వెళ్లిపోయారు. అది సరైన పనే. నాకు ఉత్తరాలు రావడం ఆగిపోయింది. ఓదెలు ఇంకా ల్యాంపు రూంలోనే ఉన్నాడు. ఇప్పుడు చేతికర్ర వాడుతున్నాడని, నేను అడిగితే ఇస్మాయిల్ చెప్పాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. నలుగురూ కలిసి చేసే పనిలో ఎవరు చేసినదానికి వాళ్ల పేరు ఆ రోజే రాయాలి. మర్నాడు రాస్తే అది సంజాయిషీ. సంజాయిషీ ఫైలులో ఉంటుంది, అవతలి మనిషికి ఉద్యోగం ఇవ్వదు.